కరవాంగ్ పరిశ్రమల పక్కనున్న పల్లెలో ఏడాది కాపురం ఉండాలి: అక్కడి ఊరు ఎలా ఉంటుందో తెలిసినవారు చెప్పగలరా?

గట్టుదారి (జడ్చర్ల)

అందరికీ నమస్కారం. ఇండోనేషియాలో, పశ్చిమ జావాలోని ఒక నూలు మిల్లులో మావారికి పని దొరికింది. మిల్లు పుర్వకర్తా, కరవాంగ్ జిల్లాల సరిహద్దు దగ్గర ఉందట. కంపెనీ క్వార్టర్లు ఖాళీ లేనందున మొదటి ఏడాది దగ్గరలోని పల్లెలో ఇల్లు కిరాయికి తీసుకోవలసి ఉంటుందని చెప్పారు. నేనూ, నాలుగేళ్ల మా పాపా జూన్ నెలలో వెళ్తాము.

నేను ఎందుకింత వివరంగా అడుగుతున్నానో చెప్పాలి. నేను పుట్టిన ఊరు హైవేకు ఆనుకొని ఉంటుంది. నా చిన్నతనంలోనే మా చుట్టుపక్కల భూములు కంపెనీలకు పోయాయి. మా నాయన తన మూడెకరాల చెలక పోగా వచ్చిన పైసలతో ఇంటి వెనుక వరుసగా ఆరు రూములు కట్టించి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన పనివాళ్లకు కిరాయికి ఇచ్చాడు. ఆ రూముల్లో ఉన్నవాళ్ల పేర్లు మాకు తెలిసేవి కావు. "రెండో రూము వాళ్లు", "నాలుగో రూము వాళ్లు" అనేవాళ్లం. బోనాలకు ఇంటి ముందు ఎందుకు సాన్పు చల్లుతామో, చెరువు కట్ట మీద చెప్పులతో ఎక్కడిదాకా పోవచ్చో వాళ్లకు తెలియదని విసుక్కున్నామే తప్ప, కూర్చోబెట్టి చెప్పినవాళ్లం ఒక్కరమూ లేము. ఇప్పుడు నేనే ఇంకొకరి ఊర్లో రెండో రూము మనిషిని కాబోతున్నాను.

కాబట్టి ఆ ఊర్లు ఎలా ఉంటాయో, భూమి ఎవరి చేతిలో ఉందో, జనం దేనిమీద బతుకుతారో, ఊరి పెద్ద ఎవరో, బయటివాళ్లు ఎలా నడుచుకోవాలో తెలుసుకొని వెళ్లాలని ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే బాలీ ద్వీపం ఫోటోలు, లేకపోతే పారిశ్రామికవాడల ప్రకటనలు తప్ప మరేమీ దొరకడం లేదు.

ఎడమకాల్వ (మిర్యాలగూడ)

అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను 2014 నుంచి 2018 వరకు అదే ప్రాంతంలో ఒక బట్టల మిల్లులో మెయింటెనెన్స్ పని చేశాను. అందులో మూడేళ్లు కరవాంగ్ జిల్లా తెలుక్‌జంబే వైపు ఒక పల్లెలో కిరాయికి ఉన్నాను. ఆ ఊరి పేరు రాయను. ఆ చుట్టుపక్కల ఊర్ల తీరు చాలావరకు ఒకటే.

ముందు జిల్లా స్వరూపం చెబుతాను. కరవాంగ్ పట్టణం రాజధాని జకార్తాకు తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉత్తరాన సముద్రం దాకా పరచుకున్నట్టు వరి మాగాణి, దక్షిణాన ఎత్తైన నేల మీద కంపెనీలు. మనం మిర్యాలగూడను వడ్ల ఊరు అన్నట్టే అక్కడివాళ్లు కరవాంగ్‌ను వడ్ల గాదె అంటారు. ఆ మాగాణికి నీళ్లిచ్చేది చితారుమ్ నది మీది జాతిలుహుర్ డ్యామ్. అది పూర్తయిన సంవత్సరం 1967. మన నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలిందీ ఆ ఏడాదే. దాని కింద దాదాపు 2 లక్షల 40 వేల హెక్టార్ల ఆయకట్టు ఉంది. కాల్వ నీళ్లు అందరికీ ఒకేసారి రావు. ఆయకట్టును జట్లుగా విడదీసి, ఒక జట్టు తరువాత ఇంకొక జట్టుకు వంతు ప్రకారం వదులుతారు. అందుకే ఒక ఊర్లో నాట్లు పడుతున్న వేళ పక్క ఊర్లో పొట్టకొచ్చిన పైరు కనిపిస్తుంది. సాగర్ ఎడమ కాల్వ చివరి భూముల్లో పుట్టినవాణ్ణి కావడం వల్ల, వంతు కోసం రాత్రంతా గట్టు మీద లాంతరుతో కూర్చున్న ఆ రైతులను చూస్తే నాకు మా పెదనాయనే కళ్లముందు మెదిలేవాడు.

కంపెనీల కథ తరువాత మొదలయింది. జకార్తా నుంచి కరవాంగ్ జిల్లాలోని చికంపెక్ దాకా టోల్ రోడ్డు 1988లో తెరిచారు. ఆ మరుసటి ఏడాదే ప్రైవేటు సంస్థలు కూడా పారిశ్రామికవాడలు కట్టవచ్చునని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. అంతకు ముందే 1975లో చికంపెక్ దగ్గర పుపుక్ కుజాంగ్ అనే ప్రభుత్వ యూరియా కర్మాగారం ఏర్పడింది కానీ, పొలాలను మింగిన వేగం మాత్రం 1990ల నుంచే. 1998లో టొయోటా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, దాని వెంట విడిభాగాల కంపెనీలు వచ్చాయి.

ఇక ఊరు. పెద్ద రోడ్డు నుంచి మలుపు తిరగగానే ఊరి పేరు రాసిన కమాను, దాని పక్కన ఒక బోర్డు ఉంటాయి. వచ్చిన అతిథులు ఒక రోజులోపు వార్డు పెద్దకు చెప్పాలని ఆ బోర్డు మీద ఉంటుంది. ఇరుకైన సిమెంటు బాట, రెండు వైపులా ఎర్ర పెంకుల ఇళ్లు, ప్రతి ఇంటి ముందు తుడిచి ఉంచిన వరండా, ఒక చిన్న మసీదు, వీధికి రెండు కిరాణా గుడిసెలు. వాటిని వారుంగ్ అంటారు. ఊరు దాటగానే పంట కాల్వ, కాల్వకు అవతల పొలం, పొలానికి అవతల ఫ్యాక్టరీ ప్రహరీ గోడ. సాయంత్రం షిఫ్టు మారే వేళ ఆ గట్టు పక్క బాటంతా మోటారు సైకిళ్లతో నిండిపోతుంది, పొలంలో బాతులను తోలుకొచ్చిన పిల్లవాడు అవి రోడ్డు దాటేదాకా కర్ర అడ్డం పెట్టి నిలబడతాడు.

మీ నాయన కట్టించిన ఆరు రూముల్లాంటివే అక్కడా ఉంటాయి. వాటిని కొంత్రాకాన్ అంటారు. ఒకే కప్పు కింద వరుసగా గదులు, ఒక్కో గదికి ముందు తలుపు, వెనుక పొయ్యి, మూల బాత్రూమ్. ఎవరికి ఎంత ఆస్తి ఉందో ఎకరాల్లో చెప్పే రోజులు పోయి, ఇప్పుడు తలుపుల్లో చెబుతారు. "ఆయనకు పన్నెండు తలుపులు" అంటే పన్నెండు గదుల కిరాయి వస్తుందని అర్థం. తలుపును వాళ్లు పింతు అంటారు. ఆ గదుల్లో ఉండేది ఎక్కువగా మధ్య జావా నుంచి వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు. పండుగకు వాళ్లంతా ఊర్లకు పోతే వీధులు బోసిపోతాయి.

నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడ ఉంది. పొలం అమ్ముడుపోతే డబ్బు పట్టాదారుకు వస్తుంది. బయటివాళ్లం అంతవరకే చూసి, ఊరు బాగుపడిందనో చెడిందనో అనుకుంటాం. ఆ ప్రాంతంలో చెబ్లోకాన్ అనే పాత ఏర్పాటు ఒకటి ఉంది. భూమి లేని ఆడవాళ్లు ఒక రైతు పొలంలో కూలి తీసుకోకుండా నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు. దానికి బదులుగా ఆ పొలం కోసే హక్కు వాళ్లదే అవుతుంది, కోసిన వడ్లలో ఐదో వంతో ఆరో వంతో వాళ్ల ఇంటికి పోతుంది. ఇది ఏ కాగితం మీదా ఉండదు, ఊరి నోటి మీద ఉంటుంది. మా ఇంటి యజమాని తల్లి అలా ముప్పై ఏళ్లు ఒకే రైతు మడిలో కోసిన మనిషి. ఆ మడి అమ్ముడుపోయిన నాడు రైతుకు పరిహారం వచ్చింది, మధ్యవర్తికి కమీషన్ వచ్చింది, ఆమెకు ఏమీ రాలేదు. ఆమె హక్కు ఉన్నట్టు ఏ ఆఫీసులోనూ రాసి లేదు కాబట్టి పోయినట్టు కూడా ఎవరూ రాయలేదు. ఇప్పుడు మిగిలిన పొలాలకు కోత మిషన్లు వచ్చాయి. మిషన్ పోయిన తరువాత ఆడవాళ్లు కొడవలి, సంచి పట్టుకొని మడిలో దిగి పరిగె ఏరుకుంటారు. పరిగె ఏరుకోవడాన్ని వాళ్లు న్గాసక్ అంటారు. ఆ ముసలమ్మ, కొడుక్కి ఎనిమిది తలుపుల కిరాయి వస్తున్నా, ప్రతి కోతకూ వెళ్లి పరిగె తెచ్చేది. తెచ్చిన కంకులను వాకిట్లో పీట మీద కొట్టి, చేటతో చెరిగి, ఆ గింజలను వేరే డబ్బాలో పోసేది. ఎందుకమ్మా అని అడిగితే, ఈ బియ్యం కొన్న బియ్యంతో కలపను అన్నది.

ఒక మాట చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. చేలో ఉంటే పాడి, కల్లంలో ఉంటే గబాహ్, దంచితే బెరాస్, వండితే నాసి. మనకు వరి, వడ్లు, బియ్యం, బువ్వ ఉన్నట్టే. నాలుగు రూపాలకు నాలుగు పేర్లు పెట్టుకున్న జనంతో మనకు మాట కలవడం కష్టం కాదు.

నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. చితారుమ్ నది బట్టల మిల్లుల రంగునీళ్లతో, పట్టణాల మురికితో ఎంత పాడయిందో ప్రపంచమంతా చెప్పుకున్నది. దాన్ని బాగుచేయడానికి 2018లో అధ్యక్షుడి ఉత్తర్వుతో ఒక పెద్ద కార్యక్రమమే మొదలుపెట్టారు. మూసీ నీళ్లతో సాగు చేసే వలిగొండ రైతును అడిగితే ఆ బాధ ఏమిటో చెబుతాడు. తాగడానికి, వంటకు క్యాన్ నీళ్లే వాడండి.

పహాణీ (నల్లగొండ)

నేను రెవెన్యూలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కరవాంగ్ పక్కనున్న చికారాంగ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో రెండు మార్లు వెళ్లి ఉన్నాను. నాకు ఊరి ఆఫీసు కనిపిస్తే లోపలికి పోకుండా ఉండలేని అలవాటు. అక్కడా పోయాను. ఊరి పాలన, భూమి కాగితాల గురించి నేను చెబుతాను.

పల్లెను దేసా అంటారు. మన దేశం అనే మాటే అది. ఊరి పెద్ద కెపాలా దేసా, అంటే ఊరి తల అన్నమాట. ఆ కెపాలా కూడా మన కపాలమే. జిల్లా అధికారిని బుపాతి అంటారు, అది భూపతి. మొదటిసారి ఆ బోర్డులు చదివినప్పుడు పాత శాసనం చదివినట్టు అనిపించింది. దేసా పెద్దను జనం ఓటు వేసి ఎన్నుకుంటారు. 2014 నాటి గ్రామ చట్టం ప్రకారం పదవీకాలం 6 ఏళ్లు ఉండేది, 2024లో దాన్ని 8 ఏళ్లు చేశారు, ఒక మనిషి రెండు మార్లు మాత్రమే ఉండాలన్నారు. మన సర్పంచుకు 5 ఏళ్లే కదా. 8 ఏళ్లు చాలా ఎక్కువని నా అభిప్రాయం. పనిచేయని సర్పంచుతో 5 ఏళ్లు గడపడమే ఎంత కష్టమో చూసినవాణ్ణి.

దేసా కింద వార్డులాంటివి రెండంచెలుగా ఉంటాయి. పైది ఎర్‌వే, కిందిది ఎర్‌తే. కొన్ని పదుల ఇళ్లకు ఒక ఎర్‌తే పెద్ద ఉంటాడు. అతడు మీ వీధిలోనే ఉండే మామూలు మనిషి, కిరాణా కొట్టాయనో రిటైరయిన మాస్టారో. అమ్మా, మీరు వెళ్లిన రోజే భార్యాభర్తలిద్దరూ పాస్‌పోర్టు నకళ్లు తీసుకొని ముందుగా ఆయన ఇంటికి వెళ్లండి. ఇంటి యజమాని చూసుకుంటాడులే అని ఊరుకోవద్దు. ఈ ఎర్‌తే ఏర్పాటు రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ వాళ్లు జావాను ఏలినప్పుడు జనం మీద నిఘా కోసం తెచ్చింది. జపాన్ వాళ్లు పోయారు, ఏర్పాటు మిగిలింది, ఇప్పుడు అది చావుకూ పెళ్లికీ ముందుగా వచ్చి నిలబడే చేయి అయింది.

2015 నుంచి కేంద్రం నేరుగా ఊర్లకు డబ్బు పంపుతోంది. దాని పేరు దానా దేసా. ఇందులో దానం అనే మాటను మీరే పోల్చుకుంటారు. దేశం మొత్తం మీద సుమారు 75 వేల దేసాలకు 2019లో 70 లక్షల కోట్ల రూపియాలు కేటాయించారు. అంకె చూసి భయపడకండి, మన ఒక్క రూపాయికి వాళ్లవి ఇంచుమించు రెండు వందలు. ఆ డబ్బు లెక్క ఊరి ఆఫీసు ముందు పెద్ద ఫ్లెక్సీ మీద రాసి వేలాడదీస్తారు. మోరీకి ఎంత, బాటకు ఎంత, బడికి ఎంత అని. నేను నిలబడి మొత్తం చదివాను, ఆఫీసు గుమస్తా నవ్వి కుర్చీ వేశాడు. కుర్చీని వాళ్లు కుర్సి అంటారు.

జావా పల్లెల్లో ఊరి పెద్దకు, గుమస్తాలకు జీతానికి బదులు ఊరుమ్మడి భూమి అనుభవించడానికి ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని బెంగ్‌కోక్ భూమి అంటారు. మన దగ్గర వెనుకట ఊరి పనివాళ్లైన నీరటికి, మస్కూరికి, సేత్‌సింధికి ఇనాం భూములు ఉండినట్టే. కంపెనీలకు దగ్గరగా ఉన్న ఊర్లలో తగువులు వచ్చేది ఎక్కువగా ఆ ఊరుమ్మడి భూమి మీదే.

పట్టా సంగతి ఇంకా చిక్కు. మనకు పహాణీ, పాసుపుస్తకం, 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినట్టు వాళ్లకు పాత కాలపు శిస్తు రసీదు ఒకటి ఉంది. దాని పేరు గిరిక్. తాతలనాడు పన్ను కట్టిన రుజువు అది, హక్కుపత్రం కాదు. అసలు హక్కుపత్రం సర్టిఫికెట్. అందులో సొంత హక్కును హక్ మిలిక్ అంటారు. నిజాం కాలపు కాగితాలు చదివినవారికి హక్కు, మిల్కియత్ అనే మాటలు కొత్త కాదు. 1960 నాటి వాళ్ల భూచట్టం ప్రకారం హక్ మిలిక్ ఆ దేశ పౌరులకే ఉంటుంది, కంపెనీలు గడువు కలిగిన వేరే హక్కులే తీసుకోవాలి. గిరిక్ మాత్రమే ఉన్న రైతు, సర్టిఫికెట్ ఉన్న కంపెనీ ఎదురుబొదురుగా నిలబడితే ఎవరి మాట నెగ్గుతుందో మీకు చెప్పనక్కరలేదు. తెలుక్‌జంబే రైతులు 2017లో జకార్తాలో అధ్యక్ష భవనం ముందు తమ శరీరాలను సగం దాకా మట్టిలో పూడ్చుకొని నిరసన తెలిపారు. అదే 2017 నుంచి ప్రభుత్వం ఊరు ఊరంతా కొలిచి సర్టిఫికెట్లు ఇచ్చే పని ముమ్మరం చేసింది.

కొలత కూడా చెప్పి ముగిస్తాను. వాళ్ల తుంబక్ అంటే సుమారు 14 చదరపు మీటర్లు. మన గుంటకు ఏడు తుంబక్‌ల పైచిలుకు.

గట్టుదారి (జడ్చర్ల)

అన్నా, సార్, మీరిద్దరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు నమస్కారాలు. ఎడమకాల్వ అన్న చెప్పిన ముసలమ్మ సంగతి మా అమ్మకు చదివి వినిపించాను. మా ఊర్లో భూములు పోయిన ఏడాది మాల, మాదిగ వాడల నుంచి కోతకు వచ్చే ఆడవాళ్లు ఏమైపోయారని నేనెప్పుడూ అడగలేదు. అమ్మను అడిగితే, కొంతమంది కంపెనీల్లో ఊడ్చే పనికి, మిగిలినవాళ్లు పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి బొంబాయికి పోయారని చెప్పింది.

ఇంకొన్ని సందేహాలు ఉన్నాయి. మేము మాంసం తినము. తిండి ఎలా? ఆడవాళ్లతో కలవడానికి దారి ఏమిటి? పాపను బడికి పంపవచ్చునా?

తంగేడు (దేవరకొండ)

చెల్లీ, నేను అక్కడ రెండేళ్లు ఉండి వచ్చాను, మావారు కూడా నూలు మిల్లే. ఆడవాళ్ల సంగతులు నేను చెబుతాను.

తిండికి భయపడకు. చింతపండు దొరుకుతుంది, దాన్ని జావా పులుపు అంటారు. చింతపండు పోసి, మొక్కజొన్న పొత్తుల ముక్కలు, పల్లీలు, కూరగాయలు వేసి సాయూర్ అసెమ్ అనే పులుసు కాస్తారు, మన పప్పు లేని పులుసులాగే ఉంటుంది. తెంపె అని సోయా గింజలను పులియబెట్టి గట్టి బిళ్లలా చేస్తారు, తాహు అంటే సోయా పాల ముద్ద. రెండూ రోజూ తోపుడు బండి మీద ఇంటి ముందుకే వస్తాయి. పచ్చికూరలు కారంలో అద్దుకొని తినడం అక్కడివాళ్లకు ప్రాణం. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. వాళ్ల కారాల్లో, చాలా పులుసుల్లో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. చూడడానికి కనపడదు. ఎవరైనా ప్రేమతో గిన్నె తెచ్చి ఇస్తే, తెరాసి ఉందా అని నవ్వుతూ అడుగు, ఎవరూ తప్పు పట్టరు. నేను అడగడానికి మొహమాటపడి మూడు నెలలు తిన్నాను, తెలిసిన రోజు ఏడ్చాను.

పల్లెలో మాట్లాడేది సుందా భాష, బడిలో, ఆఫీసులో ఇండోనేషియా భాష. సుందా భాషలో నువ్వు మొట్టమొదట నేర్చుకోవలసిన మాట పుంతెన్. ఎవరి వాకిలి ముందు నుంచి నడిచినా, కూర్చున్నవాళ్ల మధ్య నుంచి దాటినా కాస్త వంగి, కుడిచేయి కిందికి చాపి పుంతెన్ అనాలి. వాళ్లు మంగ్గా అంటారు, వెళ్లమ్మా అని. నేను మొదటి నెల ఈ మాట తెలియక తల దించుకొని చకచకా నడిచిపోయేదాన్ని. నాకు గర్వమని వీధంతా అనుకున్నారట. ఒకరోజు పక్కింటి పిల్ల నా చేయి పట్టుకొని వంచి, పుంతెన్ అని పలికించింది. ఆ సాయంత్రమే మూడిళ్ల నుంచి అరటికాయ బజ్జీలు వచ్చాయి.

నెలకొకసారి ఎర్‌తే పెద్ద ఇంట్లోనో, చిన్న మండపంలోనో పోస్యాందు జరుగుతుంది. మన అంగన్‌వాడీ లాంటిదే కానీ నడిపేది వీధి ఆడవాళ్లే. దూలానికి త్రాసు వేలాడదీసి, గుడ్డ ఉయ్యాలలో పిల్లలను కూర్చోబెట్టి తూచి, కార్డు మీద చుక్క పెడతారు. నీ పాపకు నాలుగేళ్లు కాబట్టి తీసుకుపో. ఆ ఊరి ఆడవాళ్లందరూ నీకు ఒక్కరోజులో పరిచయమవుతారు. అక్కడే పాప వయసు పిల్లలకు పావుద్ అనే చిన్న బడి కూడా ఉంటుంది. పాప నీకంటే ముందే భాష నేర్చుకొని వచ్చి నీకు చెబుతుంది.

వారుంగ్‌లో ఖాతా మీద సామాను ఇస్తారు. నువ్వు మాత్రం నగదు ఇవ్వు. ఆ కొట్టు నడిపే ఆమెకే అప్పుల బాధ ఎక్కువగా ఉంటుంది. అక్కడ బ్యాంక్ ఎమోక్ అని ఒకటి ఉంది. కాళ్లు ఒక పక్కకు ముడుచుకొని నేల మీద కూర్చోవడాన్ని సుందా ఆడవాళ్లు ఎమోక్ అంటారు. అలా పదిమందిని చాప మీద కూర్చోబెట్టి గ్రూపు అప్పు ఇచ్చి, వారం వారం వసూలు చేస్తారు కాబట్టి ఆ పేరు. ఒకామె కట్టలేకపోతే మిగిలినవాళ్లు కట్టాలి. 2010లో మన దగ్గర మైక్రోఫైనాన్స్ వాళ్ల వల్ల ఎన్ని ఇళ్లు కూలాయో చూసినదాన్ని, అక్కడ ఆ చాప చూడగానే గుండె గుభేలుమంది. మా పక్కింటామె కొడుకును కంపెనీలో పెట్టించడానికి ఒక దళారీకి ఇవ్వడం కోసం ఆ అప్పు చేసింది. ఉద్యోగం ఆరు నెలల కాంట్రాక్టు. కాంట్రాక్టు అయిపోయింది, అప్పు వారాలు మిగిలాయి.

ఇంకా మంచి సంగతి. కొన్ని ఊర్లలో ఇంటి గుమ్మం పక్కన చిన్న వెదురు గొట్టమో డబ్బానో వేలాడుతుంది. ఇంటావిడ రోజూ ఒక పిడికెడు బియ్యం అందులో వేస్తుంది. రాత్రి కాపలా తిరిగే మగవాళ్లు వచ్చి, గొట్టం వంచి సంచిలో పోసుకుంటారు. బియ్యం జారే చప్పుడును బట్టి దాన్ని పెరెలెక్ అంటారు. ఆ బియ్యం ముసలివాళ్లకు, మగదిక్కు లేని ఇళ్లకు పోతుంది. నువ్వు కిరాయి మనిషివని నీ గుమ్మానికి గొట్టం కట్టరు. అడిగి కట్టించుకో.

ఎడమకాల్వ (మిర్యాలగూడ)

తంగేడు గారు దళారీ మాట ఎత్తారు కనుక నేను వదిలేసిన ఒక విషయం చేర్చాలి. కరవాంగ్ కనీస వేతనం ఆ దేశంలోనే పైవరుసలో ఉంటుంది. 2025లో నెలకు దాదాపు 56 లక్షల రూపియాలు, అంటే మన లెక్కలో 29, 30 వేల రూపాయలు. అందువల్లే ఎక్కడెక్కడి పిల్లలో వస్తారు. కంపెనీలు 60 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని జిల్లా 2011లో నిబంధన చేసింది. అయినా చాలా ప్రకటనల్లో వయసు పరిమితి పెడతారు కాబట్టి, పొలం అమ్మిన రైతుకు నలభై ఏళ్లు దాటితే గేటు లోపలికి దారి లేదు. అతడు బయట పార్కింగ్ కాపలాకో, మోటారు సైకిల్ మీద మనుషులను దింపడానికో పోతాడు. వీధిలో ఎవరైనా మిమ్మల్ని చూసి ముభావంగా ఉంటే, ఆ ముభావం మీ మీద కాదు, మీ ఆయన మెడలోని కంపెనీ కార్డు మీద. ఇంటికి రాగానే దాన్ని తీసి జేబులో పెట్టుకొని వీధిలోకి రమ్మనండి. నేను అలాగే చేశాను.

పహాణీ సార్ మాట ఒకటి సవరించాలని ఉంది. గిరిక్ ఉన్న రైతు ప్రతిసారీ ఓడడు. జిల్లా వారు 2018లో సుమారు 87 వేల హెక్టార్ల వరి భూమిని వేరే పనికి మార్చకూడదని నిబంధన పెట్టారు. ఉత్తరపు ఊర్లలో ఇంకా రెండు పంటలు పండుతున్నాయి. ఒక ఆదివారం మీరు అటు, రెంగస్‌డెంగ్‌క్లోక్ దాకా వెళ్లి రండి. ఇండోనేషియా స్వాతంత్ర్య ప్రకటనకు ముందు రోజు, 1945 ఆగస్టు 16న, యువకులు స్వాతంత్ర్య నాయకులు సుకర్నోనూ హత్తానూ తీసుకొచ్చి ఉంచిన ఊరు అది. అక్కడి నుంచి ఇంకా ముందుకు పోతే, బతుజయ దగ్గర, వరి మడుల మధ్య ఇటుకలతో కట్టిన పాత బౌద్ధ ఆలయాలు బయటపడ్డాయి. మా సూర్యాపేట వైపు ఫణిగిరి చూసిన కళ్లతో వాటిని చూస్తే ఆ ఇటుకలు కొత్తగా అనిపించవు.

పహాణీ (నల్లగొండ)

సవరణ సరైనదే. 2018 నిబంధన సంగతి నేను రాసి ఉండవలసింది.

గట్టుదారి (జడ్చర్ల)

అక్కా, పాపకు పుంతెన్ నేర్పాను. ఇంట్లో మా నాయన కుర్చీ ముందు నుంచి పోయినప్పుడల్లా వంగి అంటోంది. ఆయన మంగ్గా అనాలని దానికదే పట్టుబట్టి ఆయనకూ నేర్పింది. నిన్న సాయంత్రం నాయన వెనుక రూముల వైపు వెళ్లి, రెండో రూములో ఉన్న అబ్బాయిది ఒడిశాలో ఏ ఊరో అడిగి వచ్చాడు. గంజాం జిల్లా అట, వాళ్లకు కూడా చెరువు కింద ఎకరం వరి ఉందట.

చివరగా ఒకటి అడుగుతాను. మేము జూన్‌లో వెళ్లేసరికి పొలాలు ఏ దశలో ఉంటాయి? ఇక్కడి నుంచి ఏమి తీసుకెళ్లాలి?

ఎడమకాల్వ (మిర్యాలగూడ)

వాళ్లకు కూడా మన వానాకాలం, యాసంగి లాగా రెండు పంటకాలాలు. వానల పంటను రెండెంగ్, ఎండల పంటను గాదు అంటారు. జూన్‌లో గాదు పంట ఉంటుంది. కాల్వ వంతును బట్టి కొన్ని మడుల్లో నాట్లు పడుతుంటాయి, కొన్నింట్లో పైరు మోకాలి ఎత్తు ఉంటుంది. కోత ఆగస్టు, సెప్టెంబరులో చూస్తారు. చింతపండు మోసుకుపోకండి. జొన్నపిండి మాత్రం ఎంత వీలైతే అంత కట్టుకోండి, నాలుగేళ్లలో నాకు అది అక్కడ ఎక్కడా కనపడలేదు. పల్లి పట్టీలు రెండు కిలోలు అదనంగా పెట్టుకొని, మొదటి పొట్లం ఎర్‌తే పెద్ద ఇంట్లో ఇవ్వండి.

తంగేడు (దేవరకొండ)

రెండో పొట్లం పక్కింట్లో.